ఫోన్ అప్పగించమన్న నోటీసు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది వేసవి. రాజమండ్రికి గంటన్నర దూరంలో ఒక మండలానికి నేను దినపత్రిక కంట్రిబ్యూటర్ని. కంట్రిబ్యూటర్ అంటే వార్తలు పంపే విలేకరే గానీ పత్రిక ఉద్యోగి కాదు. ఆ తేడా ఎంతటిదో నాకు ఆ ఏడాదే తెలిసింది.

వాటర్ వర్క్స్‌లో ఊడ్చే సత్యవేణి గారు ఫోన్ చేసి, పదిహేను రోజులుగా తాగునీళ్లలో క్లోరిన్ కలపడం లేదని, కలిపినట్టు రిజిస్టర్‌లో మాత్రం రాస్తున్నారని చెప్పారు. ఆ పేజీల ఫొటోలు వాట్సాప్‌లో పంపారు. అప్పటికే ఆసుపత్రిలో విరేచనాలతో పిల్లలు చేరుతున్నారు. డాక్టరు గారితో మాట్లాడాను. కుళాయి నీళ్లు పరీక్ష చేయిస్తే క్లోరిన్ లేదని తేలింది. క్లోరిన్ కలిపే పని తీసుకున్న కాంట్రాక్టరు గారిని వివరణ అడిగితే మాట్లాడనన్నారు. వార్త రాశాను. రెండో రోజుకే కుళాయిలో క్లోరిన్ వాసన వచ్చింది.

వారం తిరక్కుండా నా మీద కేసు పెట్టారు. తప్పుడు వార్తతో జనంలో భయం పుట్టించానని కాంట్రాక్టరు ఫిర్యాదు. ఎస్సై గారు మర్యాదగానే కూర్చోబెట్టి, ఫొటోలు ఎవరిచ్చారని అడిగారు. చెప్పకపోయేసరికి ఫోన్ అప్పగించమని నోటీసు ఇచ్చారు. పత్రిక ఆఫీసువాళ్లు, మీరు మా ఉద్యోగి కారు కాబట్టి లాయర్ని మీరే చూసుకోవాలన్నారు.

రాజమండ్రిలో లాయరు గారు నోటీసు రెండుసార్లు చదివారు. "సోర్స్ పేరు దాచుకునే హక్కు విలేకరికి ఉందని మన చట్టంలో విడిగా ఎక్కడా రాసి లేదమ్మా. కోర్టు గట్టిగా అడిగితే ఏమవుతుందో నేను మాటివ్వలేను," అన్నారు. సోర్స్ అంటే సమాచారం ఇచ్చిన మనిషి. కేసు ఎవరి మీద ఉందో వాళ్ల చేతే వాళ్లకి వ్యతిరేకంగా సాక్ష్యం ఇప్పించకూడదని నోటీసుకి జవాబు రాశారు.

ఆ సంగతి తెలిసి సత్యవేణి గారు రైతుబజారులో నన్ను వెతుక్కుంటూ వచ్చారు. "నా పేరు చెప్పేయండమ్మా. ఆడపిల్లలున్నారు మీకు," అన్నారు.

"మీకూ ఉన్నారు కదండీ," అన్నాను.

ఫోన్ ఇవ్వకుండానే మూడేళ్లు స్టేషన్‌కీ కోర్టుకీ తిరిగాను. ఆ మధ్యలో రాంబాబు గారనే రైతు మా ఇంటికొచ్చారు. రొయ్యల చెరువుల మురుగు తాగునీటి కాలువలోకి వదులుతున్నారని వీడియోలు చూపించారు. నా కేసు తేలనివ్వండి, అప్పుడు రాస్తానన్నాను. ఆయన టీ కూడా తాగకుండా వెళ్లిపోయారు.

వార్త తప్పని చెప్పడానికి ఆధారాల్లేవని చివరికి పోలీసులే కేసు మూసేశారు. మర్నాడే రాంబాబు గారి ఇంటికి వెళ్లి అరుగు మీద కూర్చున్నాను. కాలువలోకి మురుగు ఇంకా అలాగే పారుతోంది. వీడియోలు ఇమ్మంటే తల అడ్డంగా ఊపారు.

"అప్పుడు మీరు భయపడ్డారు. మీరు స్టేషన్ చుట్టూ తిరగడం చూశాక ఇప్పుడు నాకు భయంగా ఉందండి," అన్నారు.

నన్నెవరూ జైల్లో పెట్టలేదు. నా చేత ఎవరి పేరూ చెప్పించలేకపోయారు. గెలిచానని చాలామంది అభినందించారు కూడా. విలేకరిని ఆపడానికి శిక్ష పడక్కర్లేదని, కేసు నడిస్తే చాలని నాకు అర్థమైంది మాత్రం రాంబాబు గారి అరుగు మీదే. ఆ కాలువ వార్త నేనింకా రాయలేదు.