నడిచిన మొగలి పొద

మొక్కలు కదలవు, జంతువులు కదులుతాయి అని మా బడి సైన్సు పుస్తకంలో ఉండేది. అది రాసినాయన మా సముద్రపొడ్డుకు ఎన్నడూ వచ్చి ఉండడు. వచ్చి ఉంటే మా మొగలి పొదనూ, దాన్ని దాటి అడుగు వేయని మా నాయననూ పక్కపక్కన చూసి, ఆ వాక్యం తిరగరాసేవాడు.

మా తాత చాలా తెలివైన మనిషి. హద్దురాళ్లు పాతించడం దండగ ఖర్చని, ఉన్న ఇసుక నేలను నోటిమాటతో ఇద్దరు కొడుకులకూ పంచేశాడు. "మొగలి పొదకు ఉత్తరం పెద్దోడిది, దక్షిణం చిన్నోడిది. చెట్టు యాడికి పోతాది?" అన్నాడట. పెద్దల మాట చద్దిమూట కదా, అందరూ తలూపారు.

చెట్టు పోయింది. మొగలి ఊరికే ఉండే రకం కాదు. ఊడలు దించుతుంది, అవి ఇసుకలో పాతుకుంటాయి, వెనకటి మొదలు కుళ్లిపోతుంది. మా వైపు దక్షిణపు గాలి ఎక్కువ. అందుకని పొద వంగేదీ, పాతుకునేదీ ఉత్తరానికే, అంటే మా నేలలోకే. నా చిన్నప్పుడు మా చెలమ పొదకు బాగా ఇవతల ఉండేది. ఇసుకలో తవ్విన గుంటే అయినా, ఉప్పు తగలని మంచినీళ్లు ఊరేవి. నాకు పెళ్లీడు వచ్చేసరికి పొద దాన్ని దాటేసింది, చెలమ చిన్నాయన వైపు పడింది. కంచే చేను మేసిందంటారే, మాకు కంచే నీళ్లు తాగింది.

తోడుకోవద్దని చిన్నాయన ఏనాడూ అనలేదు. అన్నది మా నాయనే. వాడు తప్పు ఒప్పుకునేదాకా ఆ నీళ్ల చుక్క ఇంట్లోకి రాకూడదని శపథం చేశాడు. శపథం ఆయనది, కోట ఊరి నుంచి ఆటోలో వచ్చే నీళ్ల క్యాన్లు మోసేది అమ్మ. ఆయన మాత్రం రోజూ పొద్దున్నే పొదకు ఇవతల నిలబడేవాడు, చిన్నాయన అవతల.

"పొద జరిగిందిరా!"

"చెట్టుకు కాళ్లుండాయా అన్నా?"

ఎండ ఎక్కేదాకా ఇదే. మిగతా పనులకు ఇద్దరికీ మోకాళ్ల నొప్పులు. దీనికి మాత్రం ఎవరూ ఆలస్యంగా వచ్చింది లేదు.

మొన్న వేసవిలో ఆటో రాలేదు. అమ్మ బిందె చంకన పెట్టుకుని వాళ్ల పోట్లాట మధ్యలోంచి నేరుగా పొద అవతలికి నడిచింది. ఆపబోయిన నాయన అరుస్తూ ఆమె వెంటే హద్దు దాటేశాడు. ఆ సంగతి ఆయన గమనించలేదు. అమ్మ చెంబుతో నీళ్లు తోడి, ఒక గుక్క నోట్లో పోసుకుని ఉమ్మేసింది.

"ఉప్పు కషాయం! ఎప్పటినుంచయ్యా ఇట్లా?"

చిన్నాయన తల దించుకున్నాడు. "పక్కన రొయ్యల గుంటలు తవ్వినప్పటి నుంచే వదినా. మేము గూడా క్యాన్ నీళ్లే తాగేది."

"మరి చెప్పొద్దా? ఇన్నేండ్లు ఈ నీళ్లకేగా మీరు పోట్లాడింది!"

"చెప్తే ఇంక అన్న పొద్దన్నే రాడు గదా వదినా."

నాయన అమ్మ చేతిలోని చెంబు లాక్కుని, నీళ్లన్నీ గటగటా తాగి, మీసం తుడుచుకున్నాడు.

"తియ్యగానే ఉండాయి. రేపొచ్చి తేలుస్తా నీ సంగతి."