క్షమాపణ చెప్పాల్సిన ఆదివారం: వేల్స్ ద్రాక్షతోటల నుంచి గాస్పెల్ పాస్ దాకా

అక్టోబరు మొదటి ఆదివారం ఉదయం పదకొండు గంటలకు, బర్మింగ్‌హామ్‌లో మా తెలుగు క్రైస్తవ సహవాసం అద్దెకు తీసుకునే స్కూలు హాల్లో, అందరి ముందూ నిలబడి నేను క్షమాపణ చెప్పాలి. సంఘ పెద్దలు నాకిచ్చిన గడువు అది. మార్చిలో నేను మా ఆయన ఇంట్లోంచి బయటికొచ్చి, పనిచేసే హాస్పిటల్‌కు దగ్గర్లో చిన్న ఫ్లాట్ తీసుకున్నాను. తిరిగి వెళ్ళేదాకా, లేదా తప్పు ఒప్పుకునేదాకా నేను ప్రభువు బల్లలో, అంటే రొట్టే ద్రాక్షరసమూ పంచుకునే ఆరాధనలో, పాలు పుచ్చుకోకూడదని వాళ్ళు తీర్మానించారు. ఏడేళ్ళుగా ఆ బల్లకు ద్రాక్షరసం కాచింది నేనే. నల్లద్రాక్ష కొని, కడిగి, ఉడికించి, పల్చటి గుడ్డలో వడగట్టి సీసాలకు పోసేదాన్ని. ఆ ఆదివారం హాస్పిటల్ డ్యూటీ రోటాలో నాకు సెలవు పడింది. హాలుకు వెళ్ళడానికి బదులు కారు తీశాను. ద్రాక్షతోటలు చూసి, వేల్స్ కొండలు దాటి, సాయంత్రానికి ఇల్లు చేరే దారి ఒకటి నెట్‌లో చూసి పెట్టుకున్నాను. సరదాగా బయల్దేరిన ప్రయాణం కాదని ముందే చెబుతున్నాను. ఎనిమిదింబావుకు ఇంటికి తాళం వేసి బయల్దేరాను.

దారి కష్టమైనదేమీ కాదు. ఎమ్5 మీద దక్షిణంగా వచ్చి, ఎనిమిదో జంక్షన్ దగ్గర ఎమ్50 ఎక్కితే రాస్-ఆన్-వై దాకా దాదాపు ఖాళీ రోడ్డే. అక్కడి నుంచి ఎ40 మీద మాన్మత్ దాటగానే వేల్స్‌లో ఉంటాం. చినుకులు పడుతూ ఆగుతూ ఉన్నాయి. లారీలను దాటాల్సి వచ్చినప్పుడల్లా రెండు చేతులా బిగించి పట్టుకున్నాను. పెళ్ళయ్యాక లైసెన్సు తెచ్చుకున్నానన్న మాటే గానీ స్టీరింగ్ నా చేతికి వచ్చింది తక్కువ. "నువ్వు నడిపితే నేను దిగి నడిచొస్తా" అనేవాడు మా ఆయన, నలుగురిలో నవ్వుతూ. మా ఆయన సంఘంలో కీబోర్డు వాయిస్తాడు, పాటలు నడిపిస్తాడు, అందరికీ ఇష్టుడు. ఇంట్లో చేయి చేసుకుంటాడు. ఈ రెండో మాట సంఘంలో ఒక్కరికే కళ్ళారా చూసి తెలుసు. ఆవిడ సులోచన ఆంటీ, కేర్ హోమ్‌లో పనిచేసి రిటైరైన తెనాలి మనిషి. జనవరిలో ఒకరోజు నేను వాళ్ళింటికి పరుగెత్తితే, ఫ్రీజర్లోంచి బఠాణీల ప్యాకెట్ తీసి వాచిన నా దవడకు పెట్టి, రెండు రోజులు దాచుకుంది. నా సంగతి తేల్చిన పెద్దల మీటింగులో మాత్రం తల వంచుకుని కార్పెట్ వైపు చూస్తూ కూర్చుంది.

పదిన్నర దాటాక మాన్మత్‌కూ ఆబర్‌గవెన్నీకీ మధ్య, కొండవాలు మీద ఉన్న ఒక చిన్న తోటకు చేరాను. ఇక్కడ ద్రాక్షతోటలంటే మైళ్ళకు మైళ్ళు ఉండవు. అయిదారు ఎకరాలు, చుట్టూ గొర్రెల మేత. మామూలు రోజుల్లో డబ్బు కట్టి తోట చూసి, వైన్ రుచి చూడొచ్చు. నేను వెళ్ళింది కోతల ఆదివారం. కోతకు సాయం చేస్తే మధ్యాహ్నం భోజనం పెడతామని వాళ్ళ వెబ్‌సైట్‌లో ఉంటే పేరు ఇచ్చాను. కారు ఆపుతుండగానే ఫోన్ మోగింది. సులోచన ఆంటీ.

"ఎక్కడున్నావమ్మా? హాలు నిండిపోయింది. నీ కోసం ముందు వరసలో కుర్చీ ఉంచారు."

"రావట్లేదాంటీ. వేల్స్‌లో ఉన్నాను."

"వేల్సా! అక్కడెవరున్నారే నీకు? ఒక్క మాట, తల్లీ. 'తప్పయిపోయింది' అని ఒక్క మాట అనేసి కూర్చో. మనసులో అనుకోనక్కర్లేదు, పైకి అంటే చాలు. మళ్ళీ అందరం ఒకటైపోతాం."

"నా తప్పేంటో మీరు చెప్పండి, ఆంటీ. అంటాను."

 ఫోన్‌లో ఆవిడ వెనకాల కీబోర్డు శ్రుతి వినిపించింది. ఆ వేళ్ళెవరివో నాకు తెలుసు. ఫోన్ పెట్టేశాను.

తోట యజమానురాలి పేరు గ్వెన్. అరవై దాటిన మనిషి, మోకాళ్ళ దాకా బురద. ఇంగ్లీషులోనే అయినా వేల్స్ యాసలో పాడినట్టు మాట్లాడింది. నా చేతికి ఒక కత్తెర, ఒక ప్లాస్టిక్ క్రేటు ఇచ్చి, "గుత్తిని కింద నుంచి పట్టుకుని కాడ కత్తిరించండి. బూజు పట్టినవి నేల మీద పడేయండి, జాలిపడొద్దు" అంది. తెల్లద్రాక్ష, బఠాణీ గింజంత. ఒకటి నోట్లో వేసుకున్నాను. తీపి ముందొచ్చి, మందమైన తోలూ విత్తనాలూ పళ్ళ కింద పడి చివరికి వగరు మిగిలింది. వరసకు అవతలివైపు కోస్తున్న రిటైర్డ్ పోస్ట్‌మ్యాన్ ఒకాయన, ప్రతి ఏడూ వస్తానని, కూలీ పుచ్చుకోనని చెప్పాడు. నా పేరు అడిగాడు, రెండుసార్లు పలికి సరిచేసుకున్నాడు. నా గురించి అంతకుమించి ఏమీ అడగలేదు. గంటన్నరలో ఎనిమిది క్రేట్లు నింపాను. నడుము పట్టేసింది.

పన్నెండున్నరకు గ్వెన్ గంట కొట్టింది. రేకుల షెడ్డులో పొడవాటి బల్ల, మీద ఆవిర్లు కక్కుతున్న, ఉల్లికాడల్లాంటి లీక్ కూర సూపు, రొట్టె, జున్ను, చిన్న గ్లాసుల్లో నిరుటి వైన్. నేను గుమ్మంలోనే ఆగిపోయాను.

"నిలబడ్డారేం? చోటుంది, రండి" అంది గ్వెన్, తన పక్కన బెంచీ మీద చెయ్యి తట్టి.

కూర్చున్నాను. కారు నడపాలి కాబట్టి వైన్ వద్దని నీళ్ళు తీసుకున్నాను. పక్కవాళ్ళు రొట్టె చీల్చి నాకు అందించారు. ఆ క్షణంలో నాకు సంతోషం కలిగిందని రాస్తే బాగుంటుంది గానీ, అది అబద్ధం. ఒళ్ళు మండిపోయింది. గంటన్నర పరిచయంతో వీళ్ళు చోటిచ్చారు. ఏడేళ్ళు చాకిరీ చేసి, వాళ్ళ పురుళ్ళకూ జ్వరాలకూ డ్యూటీ దిగి వెళ్ళిన నన్ను నా భాష మాట్లాడేవాళ్ళు బల్ల దగ్గర్నుంచి లేపేశారు. రొట్టె పళ్ళెంలో పెట్టేశాను. గ్వెన్ చూసింది. "సూపులో ఉప్పు తక్కువైందా?" అని మాత్రం అడిగింది. లేదన్నాను. ఉప్పు డబ్బా నా దగ్గరికి జరిపి, అవతలివాళ్ళతో వాన గురించి మాట్లాడటం మొదలుపెట్టింది.

ఒకటిన్నరకు బయల్దేరాను. ఆబర్‌గవెన్నీ నుంచి హెరెఫర్డ్ వైపు ఎ465 మీద కొంచెం దూరం వెళ్ళాక, లాంథనీ బోర్డు చూసి ఎడమకు తిరగాలి. అక్కడితో రెండు కార్లు పట్టే రోడ్డు అయిపోతుంది. అటూ ఇటూ కంచె మొక్కలు అద్దాలను రాసుకుంటుంటాయి. అరగంటలోపే లాంథనీ మఠం వస్తుంది. పైకప్పు లేని రాతి తోరణాలు, వాటి గుండా కొండలు. టికెట్ లేదు. ఫొటోలకు బాగుంటుందని అందరూ ఆగుతారు. నేను ఒక రౌండు తిరిగి వచ్చేశాను. కూలిన గుడి గోడలు చూసే ఓపిక ఆ రోజు నాకు లేదు.

అక్కడి నుంచి గాస్పెల్ పాస్ అనే కనుమ దాకా ఎక్కుడే. పోనుపోను చెట్లు పల్చబడతాయి, తర్వాత గడ్డీ గొర్రెలూ గాలీ మాత్రమే. ఒక మలుపులో ఎదురుగా ట్రెయిలర్ తగిలించిన ల్యాండ్‌రోవర్ వచ్చింది. నేనే వెనక్కి వెళ్ళాలి. బండి మొదట కంచెలోకి దూరింది, తర్వాత చక్రం బురదలో జారింది. మూడోసారికి పక్కకు తప్పుకునే చోటులోకి తెచ్చి ఆపాను. ల్యాండ్‌రోవర్‌లోని ముసలి రైతు నా పక్కన ఆగి అద్దం దించాడు. తిడతాడనుకున్నాను.

"ట్రెయిలర్‌తో నేను వెనక్కి వెళ్ళలేను, తల్లీ. శ్రమ పెట్టాను. పైన పొగమంచు లేదు, ఇవాళ అంతా కనిపిస్తుంది" అన్నాడు.

"ఈ కనుమకు సువార్త పేరెందుకు పెట్టారు?" అని అడిగాను.

"ఎప్పుడో బోధకులు ఈ దారిన నడిచారంటారు. నాకు తెలిసి ఇక్కడ నడిచేవి గొర్రెలే" అని నవ్వి వెళ్ళిపోయాడు.

మూడు గంటలకు పైకి చేరాను. వేల్స్‌లో కార్లు వెళ్ళే దారుల్లో ఇదే అన్నిటికన్నా ఎత్తయినదట. ఉత్తరాన వై లోయ మొత్తం పరుచుకుని ఉంది. తలుపు తెరిస్తే గాలి లాగేసుకుంది. మార్చి నుంచి డ్యూటీలో గానీ ఫ్లాట్‌లో గానీ ఏడవలేదు. అక్కడ ఏడ్చాను, గట్టిగా, ఎవరైనా వింటారన్న బెంగ లేకుండా. దానివల్ల ఏమీ తేలికపడలేదు. ముక్కు మాత్రం దిబ్బడ వేసింది.

కిందికి దిగి హే-ఆన్-వై చేరేసరికి నాలుగు కావస్తోంది. కార్ పార్కులో మెషిన్‌కు నాలుగు పౌండ్లు కట్టాను. పాత పుస్తకాల ఊరు అది, వీధికి నాలుగు కొట్లు. ఫోన్‌కు సిగ్నల్ అందగానే ఆంటీ నుంచి రెండు మిస్డ్ కాల్స్, ఒక మెసేజ్ వచ్చాయి. సభ్యుల పట్టీలోంచి నా పేరు తీసేశారు. ఆ తీర్మానం చదివింది పాస్టరు గారు. తర్వాత బల్ల ఆరాధన జరిగింది. టీ కొట్టు బయట బెంచీ మీద కూర్చుని ఆంటీకి ఫోన్ చేశాను.

"లేచి చెబుదామనే అనుకున్నానమ్మా, నేను చూశానని" అంది ఆంటీ.  "కాళ్ళు రాలా. ఈ వయసులో నాకు మాత్రం ఎవరున్నారు? వాళ్ళే గదా. రేపు నేను పోతే మోసేదీ వాళ్ళే. నన్ను క్షమించు తల్లీ. ఫర్వాలేదులే ఆంటీ, అని ఒక్క మాట అను."

టీ చల్లారుతోంది. నా దవడకు ఆవిడ పెట్టిన చెయ్యి గుర్తుంది నాకు. ఆ చెయ్యి అబద్ధం కాదు.

"అనలేనాంటీ. మీరు నన్ను దాచుకున్నారు, అది మరిచిపోను. కానీ ఫర్వాలేదని మాత్రం అనలేను. చాలా ఉంది ఫర్వా."

"అయితే ఇక మా ఇంటికి రావా?"

"మీకు ఒంట్లో బాగోకపోతే ఫోన్ చేయండి, వస్తాను. ఆదివారాలు పిలవొద్దు."

ఆవిడ ఏడుస్తుంటే విన్నాను. ఊరుకోమనలేదు. కాసేపటికి ఆవిడే "జాగ్రత్తగా నడుపు" అని పెట్టేసింది. హెరెఫర్డ్, వుస్టర్ మీదుగా ఎమ్5 ఎక్కి, వెలుతురు ఉండగానే ఆరున్నరకు ఇల్లు చేరాను. పెట్రోలు ముప్పై పౌండ్ల లోపే అయింది.

ప్రయాణం మనసును కడిగేస్తుందని చాలామంది రాస్తారు. నాకు అలా జరగలేదు. వెళ్ళినప్పుడున్న కోపంలో చాలా భాగం తిరిగి తెచ్చుకున్నాను. ఇంతకాలం నా మీద నాకున్న అనుమానం ఒకటి మాత్రం తెచ్చుకోలేదు. నిజంగా నేనే తప్పు చేశానేమో, ఇంతమంది పెద్దవాళ్ళు ఊరికే అంటారా అని ఏడు నెలలుగా రోజూ అనుకునేదాన్ని. నా కోసం వేసిన కుర్చీ ఖాళీగా ఉన్నా వాళ్ళ ఆరాధన ఆగలేదు, నా రోజు కూడా ఆగలేదు. ఇక వాళ్ళకు చెప్పాల్సిందేమీ లేదు. ఆంటీ అప్పటి నుంచి ఫోన్ చేయలేదు. చేస్తే ఎత్తుతాను.

ఈ దారిన వెళ్ళేవాళ్ళకు ఒక్క సలహా. ఎ465 దిగాక హే చేరేదాకా నాకు ఫోన్ సిగ్నల్ దాదాపు అందలేదు, పెట్రోలు బంకూ కనిపించలేదు. ఆబర్‌గవెన్నీలోనే ట్యాంకు నింపుకుని, మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకోండి. ఎవరికైనా చెప్పాల్సిన మాట ఉంటే, అది కూడా అక్కడే చెప్పేసి కొండ ఎక్కండి.