టోపీల వరుస

సోమందేపల్లె దగ్గర హైవే దిగి లోపలికి పోతే, వేరుశనగ కూడా సరిగా మొలవని ఎర్రమిట్ట ఒకటుంది. అక్కడ రెండేళ్లు పనిచేశాను. ఇంజను లేని విమానాన్ని మోటారు చుట్టే తీగతో లాగి గాలిలోకి వదిలే చోటది. ఉన్నది ఒక్కటే విమానం. పైలట్లలో ఎవరి తర్వాత ఎవరో చూడడం నా పని.

మా ఊళ్లో నీళ్ల ట్యాంకరు రాకముందే బిందెలు వరుసలో పెడతారు. మనిషి లేకపోయినా బిందెను ఎవరూ జరపరు. ఆ పద్ధతే ఇక్కడా పెట్టాను. వచ్చినవాళ్లు టోపీని నేలమీద వరుసలో పెట్టి, ఎగిరిపోకుండా పైన రాయి ఉంచాలి.

నేను పదో తరగతితో ఆపినవాణ్ణి. గాలి గురించి తెలిసిందంతా గ్రంథాలయంలో మూల బెంచీ మీద కూర్చొని చదివిందే. విమానాన్ని పైన నిలబెట్టే వేడిగాలి ఎప్పుడు లేస్తుందో నేను చెబితే పైలట్లు వినేవారు. అది నాకు గర్వంగా ఉండేది.

ఆరోజు మొదటి టోపీ గుంతకల్లు రైల్వేలో పనిచేసే ఆయనది. ఐదు గంటలు దిగకుండా ఎగిరితే ఆయనకు బ్యాడ్జి వస్తుంది. మరుసటి వారం మోకాలి ఆపరేషన్. తర్వాత ఆ కాలు విమానం పెడలు తొక్కనిస్తుందో లేదో తెలియదు. సాయంత్రం ఐదుకు గాలి చచ్చిపోతుంది కాబట్టి పదకొండున్నరకే ఎగరాలి.

పదకొండుకు ఆ చోటు యజమాని స్నేహితుడు, బెంగళూరు పైలట్, కారు దిగాడు. యజమాని నన్ను పక్కకు పిలిచాడు.

"ఈ బెంగళూరు ఆయప్పను ముందు పంపు."

"రైల్వే సారు టోపీ ముందుండాది సార్."

"గాలి ఇంకా లేయలేదని చెప్పు. నీ పుస్తకాల మాటంటే నమ్ముతాడు."

వెళ్లి రైల్వే ఆయనకు చెప్పాను. "నేల ఇంకా కాగలేదు సార్. ఇప్పుడు పోతే ఐదు గంటలు నిలబడలేరు. ఆయప్ప ఊరికే ఒక చుట్టు తిరిగొస్తాడంట."

"చదువుకున్నోడివి, నీ మాట కాదంటానా అప్పా" అని ఆయన నవ్వాడు.

నేనే వంగి, రాయి తీసి, ఆయన టోపీని వెనక్కి జరిపాను. అప్పటికే మిట్ట మీద గద్దలు రెక్క ఆడించకుండా పైపైకి పోతున్నాయి; వేడిగాలి లేచిందనడానికి అదే గుర్తు. ఆయన తలెత్తి చూడలేదు. నా మాట ఉంది కదా.

బెంగళూరాయన దారిలో హోటల్లో పూరీలు, ఖీమా దట్టించి వచ్చాడట. అరగంటకే దిగాడు. సీటు నిండా వాంతి. "గాలి సకత్తుగా, శానా బాగా ఉండాది గురూ! పైకెత్తి కుదేసింది. పొద్దున్నుంచే లేచినట్లుండాది" అంటూ మూతి తుడుచుకున్నాడు.

రైల్వే ఆయన నా వైపు చూశాడు. నేను గుడ్డతో ఖీమా తుడుస్తూనే ఉన్నాను. పెడళ్ల సందుల్లో కూడా పడింది. కడిగి ఆరబెట్టి రైల్వే ఆయన్ని పైకి పంపేసరికి పన్నెండున్నర.

సాయంత్రం ఐదు దాటి ఐదు నిమిషాలకు ఆయన దిగాడు; బ్యాడ్జికి ఇరవై ఐదు నిమిషాలు తక్కువ. కుంటుతూ వచ్చి వరుసలోంచి తన టోపీ తీసి దుమ్ము దులిపాడు.

"ఇది కూడా పుస్తకాల్లోనే చదివినావా అప్పా?" అని టోపీ పెట్టుకొని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత గాలి ఎలా ఉందని ఎవరడిగినా, "గద్దల్ని చూసుకోండి సార్" అనేవాణ్ణి. నా నోటి మాట నాకే రోతగా ఉండేది.