ఇగో అన్న మాట కోసం

పత్తర్‌గట్టిలో చీరల దుకాణం గుమ్మం ముందు నిలబడి గిరాకీని పిలవడం నా పని. పెళ్లి కాకముందు నుంచీ అదే దుకాణం, అదే గుమ్మం. "ఆయియే బహెన్, ఆయియే అమ్మా, రండక్కా, పట్టు చీరలున్నయ్, చూసి పోండక్కా" అని రాగం తీసి పిలుస్తాను. ఆ రాగం నాకెవరూ నేర్పలేదు. చార్మినార్ వైపు పోయే ఆటోల హారన్లను దాటి వినబడాలంటే గొంతు పైకెత్తి సాగదీయక తప్పదు. మా వరసలో అందరం సాగదీస్తాం, ఎవరి సాగదీత వారిది. నాది బాగుంటుందని బజారులో చెప్పుకుంటారు. ఆ పొగరు నాకుంది, ఎందుకు దాచుకోవాలి?

ఇంట్లో నా పిలుపు వేరు. లాల్‌దర్వాజాలో రెండు గదుల అద్దె ఇల్లు మాది. కూతురు పెళ్లయి ఛత్రినాకలో ఉంటుంది. ఇంట్లో మిగిలింది మేమిద్దరం, నా భార్య కుట్టుమిషను. ఆమె చీరలకు ఫాల్ కుడుతుంది. సాయంత్రం చెప్పులు విడుస్తూ నేను, ఇదిగో అన్నట్టు, "ఇగో" అనేవాణ్ణి. అంతే. మా పెద్దవాళ్లలాగే నేనూ భార్యను ఎన్నడూ పేరు పెట్టి పిలవలేదు. ఆమె మిషను ఆపి "ఏంది?" అనేది. ఇక అక్కణ్ణుంచి ముచ్చట్లే. ఎవరు దుకాణంలో ఉన్న చీరలన్నీ కిందేయించి ఉత్తచేతులతో లేచిపోయారో, ఎవరు అత్తకు ఒక రకం, తల్లికి ఒక రకం కొన్నారో చెప్తుంటే ఆమె సూది పెదాల మధ్య పెట్టుకుని నవ్వేది. "నవ్వకు, సూది మింగుతవ్" అని తిట్టేవాణ్ణి. పొద్దున్నించీ గుమ్మంలో కాళ్లు గుంజేదాకా నిలబడేది ఈ కాసేపు ముచ్చట కోసమే అనిపించేది నాకు.

మొట్టమొదట పోయింది ఆ "ఇగో"నే. ఒక సాయంత్రం "ఇ" దగ్గరే గొంతు పట్టేసింది. లోపల ఎవరో పిడికిలి బిగించినట్టు. బలం పెట్టి తోస్తే మాట ముక్కలై బయటికొచ్చింది. జలుబనుకుని మిరియాల కషాయం తాగాను. జలుబూ లేదు, దగ్గూ లేదు, గొంతు మాత్రం రోజురోజుకూ మొండికేసింది. అన్నం అనాలన్నా, ఆకలి అనాలన్నా కుస్తీయే. ఫోనులో మాట్లాడితే అవతలివాళ్లు "సిగ్నల్ వస్తలేదన్నా" అని పెట్టేసేవాళ్లు.

విచిత్రమేమిటంటే, దుకాణం పిలుపుకు ఏమీ కాలేదు. గుమ్మంలో నిలబడి రాగం ఎత్తితే నా పాత గొంతు చక్కగా వచ్చేది. గిరాకీ లోపలికొచ్చి "ఇదెంత?" అంటే మాత్రం మళ్లీ పట్టేది. అప్పుడు చీరను పక్కవాడి చేతిలో పెట్టి, ఏదో పనున్నట్టు గుమ్మంలోకి జారుకునేవాణ్ణి.

ఒకరోజు నా భార్య దారాలు కొనడానికి అటు వచ్చింది. రోడ్డుకు అవతల నిలబడి నా పిలుపు మొత్తం విన్నదట. నేను గిరాకీ ముందు నోరు తెరవలేక జారుకున్నది మాత్రం చూడలేదు. ఆ పూట అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది.

"గిరాకీలకైతే గొంతు గంట లెక్క మోగుతుంది. ఇంటికొచ్చేసరికి ఏమైతది? నాతోని మాట్లాడబుద్ధి కాకుంటే కాదని చెప్పు, నేనేమన్న గుంజుకుంటనా?"

అది కాదే అనాలి నేను. "అ" దగ్గరే ఆగిపోయింది. ఆమె తన కంచం తీసుకుని లేచిపోయింది. నాకూ ఒళ్లు మండింది. ఎవరి మీద మండిందో చెప్పలేను, ఆ పూట అన్నం మాత్రం తినలేదు.

మర్నాడు ఒక తెలివైన పని చేశాననుకున్నాను. గొంతు ఉంది, మామూలు మాటకే రావడం లేదు అని ఆమెకు చూపిద్దామని, చెప్పులు విడుస్తూ దుకాణం రాగంలోనే "ఆయియే బహెన్" అన్నాను. భార్యను పట్టుకుని బహెన్ అని, అక్కాచెల్లెళ్లను పిలిచినట్టు పిలుస్తారా ఎవరైనా? కానీ ఏళ్ల తరబడి నోట్లో నానిన పిలుపు, ఆ ముక్క తీసేస్తే రాగమే అందదు. మిషను ఆగింది.

"నేను నీకు గిరాకీనా? ఇంకోసారి ఇంట్ల గా పిలుపు ఇనబడొద్దు" అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి ఆమెకు.

ఆ తర్వాత ఇల్లు చప్పబడింది. వంటింట్లో గిన్నెలు, మిషను, టీవీ తప్ప ఇంకో చప్పుడు లేదు. ఆమె పక్కనే ఉండేది, నేను ఆమెకోసం బెంగపడేవాణ్ణి. ఒకే ఇంట్లో ఉన్న మనిషి మీద బెంగ పెట్టుకోవడం ఎలా ఉంటుందో నాకప్పుడే తెలిసింది.

చూసిన డాక్టర్లు గొంతులోకి కెమెరా పంపి అంతా శుభ్రంగా ఉందన్నారు. ఒకాయన ఎసిడిటీ అన్నాడు, ఇంకొకాయన టెన్షన్ తగ్గించుకోమన్నాడు. పై వాటాలో ఉండే ఆవిడైతే నాకెవరో మందు పెట్టారని తేల్చేసింది. చివరికి కూతురు పట్టుబట్టి, గొంతు జబ్బులు మాత్రమే చూసే ఒక డాక్టరమ్మ దగ్గరికి మా ఇద్దర్నీ పంపింది. ఆవిడ నాచేత చాలాసేపు మాట్లాడించి, ఎవరూ అడగని మాట అడిగింది.

"ఎప్పుడైనా గొంతు బాగా పలుకుతుందా?"

నేను నేల చూపులు చూశాను. నా భార్యే చెప్పింది. "పలుకుతుంది మేడం. నాతోని తప్ప అందరితోని పలుకుతుంది."

డాక్టరమ్మ నవ్వలేదు. "అయితే పరీక్ష చేసేటప్పుడు మీరు కూడా లోపలికి రండి" అంది.

నన్ను పడుకోబెట్టి ఛాతీ మీద ఒక స్టిక్కరు అంటించారు. మెడ ముందు నుంచి సన్నటి సూది లోపలికి దించారు. చీమ కుట్టినట్టుంటుందన్నారు, కందిరీగ కుట్టినట్టుంది. ఆ సూది మాటను పలికించే కండరంలో ఉంటుందట. కండరం బిగుసుకున్నప్పుడల్లా దాంట్లో పుట్టే కొద్దిపాటి కరెంటును మిషను తెర మీద గీతలుగా చూపిస్తుంది, స్పీకరులో వినిపిస్తుంది. ఊరికే పడుకున్నప్పుడు దాదాపు చప్పుడే లేదు.

"ఇంట్లో ఆమెను ఎట్లా పిలుస్తారో అట్లా పిలవండి" అంది డాక్టరమ్మ.

ఇగో అనబోయాను. నా నోట్లోంచి శబ్దం రాకముందే రేకుల కప్పు మీద వడగళ్లు పడ్డట్టు స్పీకరు మోగిపోయింది. తెర మీద గీతలు గుంపులు గుంపులుగా లేచాయి. నా భార్య కుర్చీలోంచి లేచి నిలబడింది.

"ఇప్పుడు దుకాణంలో పిలిచినట్టు."

మెడలో సూదితో, సగం బట్టలతో, ఆస్పత్రి మంచం మీద పడుకుని ఆయియే బహెన్ అనడం ఎంత సిగ్గో ఊహించుకోండి. అన్నాను. ఈసారి వడగళ్లు లేవు. స్పీకరులో చప్పుడు ఒకే తీరుగా, ముసురు వానలా సాగింది.

"చూశారా అమ్మా, మామూలు మాట అనబోతే ఈ కండరం దానంతటదే బిగుసుకుంటోంది. రాగానికి అంత బిగుసుకోవట్లేదు. మెదడు నుంచి వచ్చే సంకేతంలో తేడా ఇది. ఆయన కావాలని చేస్తున్నది కాదు."

"అంటే నన్ను పిలుద్దామని చూసినప్పుడల్లా గిట్లనే అయితుందా లోపట?"

"ఎవరితో మాట్లాడబోయినా అవుతుంది. మీ విషయంలో పాపం ఎక్కువ ప్రయత్నం చేసి ఉంటారు."

నా భార్య నా దగ్గరికి రాబోయింది. తల దగ్గర డాక్టరమ్మ, పక్కన మిషను. అందిందేదో అదే అన్నట్టు నా కాలి బొటనవేలు పట్టుకుని నిలబడింది. సూది తీసేదాకా వదల్లేదు.

ఇది పూర్తిగా నయమయ్యేది కాదట. అలాంటి సూదితోనే, ఆ చప్పుడు వింటూ చోటు చూసుకుని, కండరాన్ని కాస్త మెత్తబరిచే మందు ఎక్కిస్తారు. అది కొన్ని నెలలు పనిచేసి దిగిపోతుంది, మళ్లీ వేయించుకోవాలి. వేయించుకున్నాను. మొదట్లో గొంతంతా గాలి. నీళ్లు పొరబోయేవి. దుకాణం పిలుపు కూడా మెత్తబడితే మా సేఠ్ మొహం ముడుచుకున్నాడు. ముడుచుకుంటే ముడుచుకోనీ అనుకున్నాను. ఒక సాయంత్రం చెప్పులు విడుస్తూ "ఇగో" అన్నాను. నిండుగా వచ్చింది.

"ఏంది?" అంది లోపల్నుంచి.

"ఏం లేదు" అన్నాను. గిన్నె కడుగుతుంటే ఇగో, బట్టలారేస్తుంటే ఇగో. "గొంతొచ్చిందని మస్తు సతాయిస్తున్నవ్" అని కసిరింది. కసిరించుకోవడానికే పిలిచాను.

ఈమధ్య మందు మళ్లీ దిగుతోంది. సూది వేయించుకోవడానికి ఇంకా గడువుంది. నిన్న సాయంత్రం చెప్పులు విడుస్తూ పిలవబోతే "ఇ" దగ్గరే తెగిపోయింది. మళ్లీ ప్రయత్నించలేదు. గోడకానుకుని కూర్చున్నాను. ఆ మాట కోసం ప్రాణం కొట్టుకుంది, ఏం చేయను?

మిషను ఆగింది. ఆమె వచ్చి గడపలో నిలబడింది.

"దుకాణం పిలుపే పిలువు" అంది.

వద్దన్నట్టు తలూపాను. బహెన్ అని వస్తుందని ఆమెకు తెలుసు.

"వస్తే రానీ. నీ గొంతు ఇనాలె నాకు."

పిలిచాను. పక్క వాటా వాళ్లు వింటారన్న సిగ్గు కూడా లేకుండా, పత్తర్‌గట్టిలో పిలిచినట్టే పిలిచాను. ఆమె ఫాల్ కుట్టే చీరతో సహా వచ్చి నా ఎదురుగా, గిరాకీలు పరుపు మీద కూర్చున్నట్టు కాళ్లు మడుచుకుని కూర్చుంది.

"ఏమేం ఉన్నయో చూపియ్ మరి" అంది.

నా దగ్గర ఆ రోజు ముచ్చట్లున్నాయి. ఎర్రంచు చీర కావాలని గంటసేపు కూర్చుని పచ్చది కొన్నావిడ సంగతి ఆ రాగంలోనే మొదలుపెట్టాను. కొంచెం సేపటికి ఆమె సూది పెదాల మధ్య పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వకు బహెన్, సూది మింగుతవ్ బహెన్ అని రాగం తీసి తిట్టాను.