తెరమీద తెల్లకోక

విడవలూరుకి తూర్పున, సముద్రం ఒడ్డు పాళేనికి మద్రాసు నుంచి సినిమా కంపెనీ దిగిన రోజు వల బాగుచేసినవాడు లేడు, ఎండబెట్టిన చేపలకి కాపలా కూర్చున్నది లేదు. ఆ పూట కాకులకి పెళ్లిభోజనం. ముసలీ ముతకా, పిల్లా జెల్లా అంతా ఇసకలో గుంపుకట్టి, మూడుకాళ్ల మీద నిలబెట్టిన ఆ కెమెరా వైపు నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు.

సినిమాలో నాయిక వేషం కట్టిన అమ్మాయి మహా సుకుమారి. పాదానికి నురుగు తగిలేసరికి "అమ్మో" అని ఎగిరి కుర్చీ ఎక్కింది. కథ ప్రకారం ఆవిడ సముద్రంలోకి నడిచిపోవాలి. కుర్చీలో కూర్చుని ఎట్టా పోతుంది? కంపెనీ మేనేజరు జయరామయ్య గొడుగు కింద నిలబడి పాళెం వైపు చూపు తిప్పాడు. అంతే పొడుగు, అంతే జడ ఉన్న పిల్ల ఒకతి కావాలి, మొహం చూపించం, వెనకనుంచే తీస్తాం అన్నాడు.

అందరి వేళ్లూ గంగులయ్య కూతురు కామాక్షి వైపు తిరిగాయి. అప్పటికి కామాక్షికి పదహారేళ్లు. పావడా ఓణీ వేసుకుని, తల్లి ఒక మాట అంటే రెండంటించే పిల్ల. తన వాటా సిగ్గంతా ఊళ్లో మిగతా పిల్లలకి అరువిచ్చేసినట్టు దిట్టంగా ఉండేది. తండ్రి నవ్వి ఊరుకునేవాడు. తల్లి పోలమ్మ మాత్రం నవ్వే రకం కాదు.

"పంపిస్తాను గానీ ఒక్క మాట సామీ. నా బిడ్డ పెళ్లి కావాల్సిన పిల్ల. తెల్లకోక మాత్రం కట్టనియ్యను" అంది పోలమ్మ, చెంగు నడుముకి బిగించి.

జయరామయ్య ట్రంకుపెట్టె తెరిపించి కోక బయటికి తీయించాడు. నిమ్మపండు రంగు. లేత పసుపు. పోలమ్మ దాన్ని ఎండలో పట్టి, తిప్పి, మళ్లీ తిప్పి చూసింది. పసుపంటే శుభం. పాళెం అంతా చూసింది, పాళెం అంతా తల ఊపింది.

రవికె బిగుతు సరిచేయడానికి విడవలూరు నుంచి సమాధానం అనే టైలరు వచ్చి ఉన్నాడు. క్రైస్తవుడు, నోట్లో ఎప్పుడూ రెండు గుండుసూదులు, వాటి సందునుంచే మాటలు. కామాక్షి కోక కట్టుకుని గుడారం బయటికొచ్చేసరికి ఒడ్డున ఉన్న మగపిల్లలంతా పక్కకి తప్పుకుని దారిచ్చారు. తన జన్మలో అదే మొదటి కోక. నిన్నటిదాకా తన జడ పట్టుకుని లాగిన మస్తానయ్య ఇవాళ నేలచూపులు చూస్తున్నాడు. అది చూసి కామాక్షికి నవ్వూ వచ్చింది, లోపల ఎక్కడో ఏదో అయింది కూడా. ఏమయిందో తనకే తెలీలేదు.

"భయపడతా నడవాలమ్మా, మతి చెదిరిన పిల్లలాగా" అన్నాడు డైరెక్టరు.

"ఎవరికి భయపడాల?"

"సముద్రానికి."

కామాక్షి విరగబడి నవ్వింది. "సముద్రానికి భయమేంది సామీ, అది మా దొడ్డి!"

అని ఊరుకుందా? కెమెరా తిరగ్గానే కోక కచ్చపోసి బిగించి, కెరటం మీదికి దూకింది. ఆపండి ఆపండి అని అరిచారు. రెండోసారీ అంతే. మూడోసారి డైరెక్టరు తల పట్టుకుని ఇసకలో కూర్చున్నాడు. చివరికి సమాధానం గుండుసూదులు తీసి, "మే కామాక్షీ, మీ అమ్మ చీపురు తీసుకుని వెనక వస్తా ఉందనుకో. పరిగెత్తితే ఇంకా రెండు తగుల్తాయి. ఇప్పుడు నడు" అన్నాడు. అద్భుతంగా నడిచింది. డైరెక్టరు చప్పట్లు కొట్టాడు. చీకటిపడే వేళకి కంపెనీ వాళ్లు కోక మడిచి పెట్టెలో పెట్టుకుని, లారీ ఎక్కి వెళ్లిపోయారు.

రెండేళ్లు గడిచాయి. మస్తానయ్య నేలచూపులు మాని సూటిగా చూడడం నేర్చుకున్నాడు, కామాక్షి అరుపులు సగం తగ్గించింది. మస్తానయ్య తల్లి పిచ్చమ్మ గంగులయ్యకి వరసకి అక్క. ఆమే వచ్చి పిల్లనడిగింది, తాంబూలాలు పుచ్చుకున్నారు, వైశాఖంలో పెళ్లన్నారు. కామాక్షి కాళ్లు నేలమీద లేవు.

పిచ్చమ్మ గురించి ఒక మాట చెప్పాలి. పాళెంలో మొగుడు పోయిన ఆడవాళ్లు రంగుకోకలు కట్టుకోవడం మామూలే, ఎవరూ ఏమీ అనరు. పిచ్చమ్మ మాత్రం మొగుడు వాయుగుండంలో పోయిన నాటినుంచి తెల్లకోక వదల్లేదు. ఆమెకి మిగిలిన సరదా ఒక్కటే, సినిమా. టూరింగు టాకీసు ఎక్కడ గుడారం వేసినా అక్కడికి పోవాల్సిందే. నేల టికెట్టుకి ఒప్పుకోదు, బెంచీ కావాలి. తెరమీద ఎవరేం చేసినా పైకి వ్యాఖ్యానం చెప్పకపోతే ఆమెకి ఊపిరాడదు. "ఒరే, వాణ్ని నమ్మమాకరా" అని ముందే హెచ్చరించేది. ఆమె చెప్పినట్టే జరిగేది కూడా.

ఆ మాఘంలో విడవలూరు టాకీసులోకి ఆనాడు పాళెంలో తీసిన సినిమా వచ్చింది. పాళెం పాళెమే బళ్లు కట్టుకుని పోయింది. పిచ్చమ్మ కాబోయే కోడల్ని పక్కన కూర్చోబెట్టుకుని, వేయించిన శనగలు ఒళ్లో పోసుకుంది.

కథేమిటంటే, తల్లీతండ్రీ లేని పిల్ల. ఆస్తి పిల్లది, ఆశ మేనమామది. పిల్లకి యుక్తవయసు వస్తే ఆస్తి చేతికివ్వాలని వాడి ఏడుపు. అందుకని పిల్లకి పిచ్చి పట్టించే పని పెట్టుకున్నాడు. పూలసజ్జ ఉన్నచోట లేకుండా చేస్తాడు, "ఇక్కడెప్పుడుందమ్మా?" అంటాడు. ఒడ్డున ఎవరో తెల్లకోక మనిషి తిరుగుతోందని పిల్ల చెబితే, "ఎవరూ లేరే, నీ కళ్లకేమైంది?" అంటాడు. ఆ మనిషిని డబ్బిచ్చి తిప్పేదీ వాడే. మొదట్లో పిల్ల పెద్దపెద్ద పువ్వుల కోకలు కట్టింది. మామ మాటలు ఎక్కేకొద్దీ పువ్వులు పోయి చుక్కలొచ్చాయి, చుక్కలు పోయి వట్టి అంచు మిగిలింది.

"చూడండమ్మే, పిల్ల వెలిసిపోతా ఉంది" అంది పిచ్చమ్మ గట్టిగా. "బతుకులో రంగంతా వాడే పిండుకుంటున్నాడు, పాడెగట్ట!" టాకీసంతా ఔనంది.

అప్పుడొచ్చింది సముద్రం. వెనకనుంచి ఒక పిల్ల, పొడుగాటి జడ, మెల్లగా నీళ్ల వైపు నడుస్తోంది. "మన కామాక్షి! మన కామాక్షే!" అని పాళెం అంతా లేచి ఈలలు వేసింది. కామాక్షి రెండు చేతుల్తో మొహం కప్పుకుని, వేళ్ల సందుల్లోంచి చూసింది.

ఈలలు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

తెరమీద కామాక్షి ఒంటిమీద ఉన్నది తెల్లకోక. కొంగు మొదలు కుచ్చిళ్ల దాకా తెలుపే. అంచు కూడా లేదు.

పిచ్చమ్మ ఒళ్లో శనగలు నేలపాలయ్యాయి. "అయ్యో, నా కొడుకో!" అని ఒక్క కేక పెట్టి, బెంచీలు దాటుకుంటూ బయటికి పోయింది. ఆమె వెనక పాళెం, పాళెం వెనక పోలమ్మ, పోలమ్మ చేతిలో కామాక్షి రెక్క. తెల్లారేలోగా కబురొచ్చింది, తాంబూలాలు వెనక్కి పంపుతున్నామని.

ఇక చూడండి పాళెం వైభోగం. ఆనాడు ఎండలో నిలబడి పసుపుకోకని కళ్లారా చూసినవాళ్లే ఇప్పుడు "నేనప్పుడే అనుకున్నా, తెలుపేనని" అనడం మొదలుపెట్టారు. ఒకామె ఒట్టేసింది. ఇంకొకామె తను పోలమ్మకి చెప్పబోయాననీ, తలనొప్పి వల్ల చెప్పలేకపోయాననీ అంది. రోజంతా వినీవినీ కామాక్షికే అనుమానమొచ్చింది. పసుపేనా? తన కళ్లే మోసపోయాయా? సినిమాలో మామ చేసిన పని ఇక్కడ ఊరుమొత్తం కలిసి చేస్తోంది, అదీ పైసా ఆశించకుండా.

"పసుపే" అన్నాడు సమాధానం, పోలమ్మ పిలిపిస్తే వచ్చి. "రంగుల్లేని సినిమాకి నిఖార్సయిన తెలుపు కడితే తెరంతా తళుక్కుమంటుందంట. అందుకే పసుపు కట్టి తెలుపు చూపిస్తారని ఆ కెమెరా ఆయనే చెప్పినాడు. నాకు తెలుసుగా."

"తెలిసి అప్పుడేం చేస్తున్నావురా, నోట్లో సూదులు నములుతున్నావా?"

"తెలుపులో తప్పేముందక్కా? మా ఆడపిల్లలు పెళ్లికి తెల్లకోకే కట్టుకుంటారు. పెళ్లికూతురు వేషమనుకున్నా."

పోలమ్మ చీపురు కోసం చూసింది. సమాధానం మళ్లీ విడవలూరులోనే కనిపించాడు.

నిజం తేలింది గదా, ఇక గొడవేముంది అనుకుంటారు మీరు. గంగులయ్యా అట్టాగే అనుకుని పిచ్చమ్మ ఇంటికి పోయి, ఉన్నదున్నట్టు చెప్పి, పోయినంత వేగంగా తిరిగొచ్చాడు. "కట్టింది పసుపే కావచ్చు తమ్ముడా. నేను చూసింది మాత్రం తెలుపు" అందిట. మస్తానయ్య గుమ్మం పక్కన నిలబడి గోళ్లు కొరుక్కుంటున్నాడట. వాడు బంగారం లాంటి పిల్లవాడే, తల్లి ముందు మాత్రం నోట్లో నాలుక ఉండదు.

మర్నాడు కామాక్షి ఎవరికీ చెప్పకుండా తనే బయల్దేరింది. పెళ్లి మాట పెద్దవాళ్లు మాట్లాడాలి, పిల్ల తలుపు చాటున ఉండాలి. కామాక్షికి ఆ సంగతి తెలుసు. తెలిసే వెళ్లింది.

పిచ్చమ్మ నెత్తళ్ల చేపలు ఎండబెడుతోంది. తలెత్తలేదు.

"అత్తా, నామీద కోపమా?"

"నీమీద కోపమేందిమే?" అంది పిచ్చమ్మ. చేతులు ఆగిపోయాయి. "నువ్వంటే నాకిష్టం కాబట్టే అడిగినాను. కానీ నువ్వు తెల్లకోకతో నీళ్లలోకి పోతా ఉంటే నాకు నువ్వు కనపళ్లేదు. నేను కనపడినాను. నీ ఒంటిమీద తెలుపుందంటే నా కొడుకు లేడనే గదా? ఆడి నాయన పోయిన సముద్రంలోకే ఆడూ రోజూ పోతా ఉండాడు. నాకు భయం, కామాక్షీ. అంతే. ఇంక అడగమాక."

కామాక్షికి ఏడుపొచ్చింది, ఆపుకుంది. ఆనాటి షూటింగు కళ్లముందు మెదిలింది. తను నీళ్లలోకి పోవడం ఒక్కటే గదా అందరూ చూసింది. మరి మునిగి, లేచి, బయటికొచ్చింది గదా? అప్పుడు కెమెరా తిరుగుతోందా, ఆగిందా? డైరెక్టరు దూరంనుంచి ఏదో అరిచాడు గానీ, కెరటాల హోరులో వినపళ్లేదు.

"అత్తా, నువ్వు సినిమా సగంలో లేచొచ్చినావు."

"చూసింది చాలు."

"ఆ మేనమామ ఏమైనాడో చూడొద్దా?"

పిచ్చమ్మ మూతి తిప్పుకుంది. కాసేపు నెత్తళ్లు అటూ ఇటూ కదిపింది. "ఏమైనాడంటావు ఆ ముండాకొడుకు?" అంది చివరికి.

"నాకేం తెలుసు? ఇయ్యాలే ఆఖరి ఆట. బిన్నా రా, బెంచీ దొరకదు."

బండిలో పోతున్నంతసేపూ కామాక్షికి ఒకటే ఆలోచన. ఆ పిల్ల సముద్రంలోనే పోయినట్టు చూపించారో, ఇక అంతే సంగతులు. పిచ్చమ్మకి జన్మలో మనసు మారదు. తన పెళ్లిని తనే చేతులారా బండెక్కించి తీసుకుపోతున్నట్టుంది. వెనక్కి తిప్పమందామా అని రెండుసార్లు నోరు తెరిచింది. తిప్పమనలేదు.

తెల్లకోక నీళ్లలోకి నడిచింది. పిచ్చమ్మ గోళ్లు కామాక్షి మణికట్టులో దిగాయి. నడుము దాకా నీళ్లు, మెడ దాకా నీళ్లు, ఆపైన జడ కూడా లేదు. వట్టి కెరటాలు. ఒకటి, దాని వెనక ఇంకొకటి. ఇదే ఆఖరు కాబోలు అనుకుంది కామాక్షి. కళ్లు గట్టిగా మూసుకుంది.

"మే!" అంది పిచ్చమ్మ. "మే, చూడు!"

దూరంగా, మొహం పోల్చుకోలేనంత దూరంలో, కెరటాల మధ్య తల లేచింది. భుజాలు లేచాయి. ఆ పిల్ల నోట్లో ఉప్పునీళ్లు తుపుక్కున ఉమ్మి, కోక మోకాళ్ల పైకెత్తి దోపుకుని, అడ్డొచ్చిన కెరటాన్ని చేత్తో తోసేసి, పెద్దపెద్ద అంగలతో ఒడ్డుకి వస్తోంది. ఏ మద్రాసు సుకుమారీ అట్టా నడవదు. కిటికీలోంచి చూస్తున్న మేనమామ మొహం పాలిపోయింది. వాడి చేతికి బేడీలు పడే ముక్క ఆ తర్వాత వచ్చింది గానీ, అది పిచ్చమ్మ చూసిందో లేదో అనుమానమే. ఆమె అప్పటికే బెంచీ మీదనుంచి లేచి నిలబడి ఉంది.

"రా తల్లీ! రా! ఒచ్చెయ్!" అని రెండు చేతులూ చాచి కేకలేస్తోంది. వెనకవాళ్లు కూర్చోమన్నారు. కూర్చోలేదు. ఆమె గొంతు విని వాళ్లూ అరవడం మొదలుపెట్టారు.

దీపాలు వెలిగాక చూస్తే పిచ్చమ్మ ముఖమంతా కన్నీళ్లు. తుడుచుకోనూ లేదు, దాచుకోనూ లేదు.

"ఒడ్డున నిలబడి ఎన్ని దినాలు చూసినానే," అంది, "ఇట్టా నడిచొస్తాడని. ఆయన రాలేదు. నువ్వొచ్చినావు."

పిచ్చమ్మ కామాక్షి చెయ్యి పట్టుకుంది. బండెక్కేటప్పుడూ వదల్లేదు, పాళెంలో దిగేటప్పుడూ వదల్లేదు. తిన్నగా మస్తానయ్య దగ్గరికి తీసుకుపోయి, ఆ చెయ్యి వాడి చేతిలో పెట్టి, అప్పుడు వదిలింది.