అవ్వ నగలు, సారు రిజిస్టరు

మా చిన్నప్పుడు బొమ్మంటే మేకతోలు మీదే... కాగితం మీద కూడా గీస్తారని బడికి పోయినాకే తెలిసింది నాకు. మా నాయన ధర్మవరం పక్క పల్లెలో తోలుబొమ్మలు చేసేటోడు. రెండు పక్కలా రంగులేసి, నగలుండే చోటంతా ఉలితో చిల్లులు కొట్టేటోడు. తెర ఎనక దీపం పెడితే ఆ చిల్లుల్లోంచే నగలు మెరుస్తాయి.

నాలుగో తరగతిలో బొమ్మల పోటీ పెట్టినారు. ఫస్టు ప్రైజు పన్నెండు రంగుల డబ్బా... దాని మీద ఆశతో రెండు రోజులు సరిగ్గా అన్నం కూడా తినలేదు. నాయనకు చెప్పకుండా చిన్న ఉలి సంచిలో ఏసుకోని పోయినా.

కింద పెట్టుకునేకి అట్ట లేదంటే సారు తన హాజరు రిజిస్టరే ఇచ్చినాడు, పాపం. మా అవ్వను గీసినా. ఆమె ఒంటి మీద ఉండేది ఒక్క ముక్కుపుడకే... నేను కాసులదండ, వడ్డాణం, అన్నీ పెట్టేసినా. సారు టీకి పోయిన సందులో రాయి తెచ్చుకోని టకటకా చిల్లులు కొట్టినా.

సారొచ్చి రిజిస్టరు తెరిస్తే... జూన్ నుంచి ఆగస్టు దాకా అందరి హాజరు మీదా మా అవ్వ కాసులదండే.

నాయనకు కబురుపోయింది. "ఏమప్పా, నీ బిడ్డ చేసిన పని చూడు" అన్యాడు సారు. నాయన రిజిస్టరు దిక్కు చూడనే లేదు. నా కాగితం తీసుకోని కిటికీ కాడికి పోయి, ఎండకు ఎత్తిపట్టి చానా సేపు చూసినాడు.

"ముక్కుపుడక చిల్లు పెద్దదైపాయ సార్. ఆడ సన్న ఉలి పట్టాల" అన్యాడు.

సారు తల పట్టుకున్యాడు. ప్రైజు రెండు కొండలు, నడుమ సూర్యుడు, నిండా పారే ఏరు గీసిన పిల్లోనికి పోయింది. మా పక్క ఏట్లో నీళ్లు ఎవురు చూసినారో ఏమో... ఇంటికి పోయేదాకా ఏడుస్తానే ఉన్నా. ఎప్పుడూ తోలు ముట్టనియ్యని నాయన, ఆ పొద్దు అరచెయ్యంత ముక్క కోసిచ్చి, "ఈసారి దీని మీద కొట్టు, రిజిస్టరు మీద వద్దు" అన్యాడు.

ఇప్పుడు నేనూ బొమ్మలేసే బతుకుతాండా. కాగితం మీదే, చిల్లులతోనే... జనం దాన్ని మోడ్రన్ ఆర్టు అంటాండారు. నాయన పోయి నాలుగేండ్లాయ. బాగుండాది అనేటోళ్లు ఎంతమందో... యాడ తప్పు చేసినానో చెప్పేటోళ్లే లేరు.

మీకు అట్లా చెప్పినోళ్లు ఎవురు? ఇంకా ఉంటే, ఈ పొద్దే ఒకసారి పోయి చూసి రాండి.