‘బంగ్లా దొంగ’ ఆటలో ఐదో శబ్దం

నవ్వేవాళ్లు ఇప్పుడే లేచి వెళ్లిపోండి. మా అమ్మ మీద ఒట్టు... ఇది మా ఊరు బంటింగ్‌లో, మా ఇంట్లో, నా కళ్ల ముందు జరిగింది. కల కాదు. జ్వరం లేదు. తాగే అలవాటు అసలే లేదు.

మా మేనమామ అప్పన్న ముప్పై ఏళ్ల కిందట ఒక కంప్యూటర్ ఆట తయారుచేశాడు. పేరు ‘బంగ్లా దొంగ’. రబ్బరు ఎస్టేట్ దొరగారి బంగ్లాలోకి దొంగ దూరాలి. గేటు దగ్గర కాపలావాడు టార్చి పట్టుకుని తిరుగుతుంటాడు. మొత్తం నాలుగే శబ్దాలు. కుక్క అరుపు, ఈల, నవ్వు, "ఎవుడ్రా అది?" అనే కేక. నాలుగూ మామ నోటితో చేసినవే.

ఆ ఆటను చూసి అందరూ వెక్కిరించారట. ఇప్పటి కంప్యూటర్లలో అది నడవనే నడవదు. నేను తిరగరాసి, కోడ్‌తో సహా అందరికీ ఉచితంగా ఇస్తానన్నాను. ఇక్కడివాళ్లలాగే మాట చివర ‘లా’ తగిలించి మామ కస్సుమన్నాడు.

"నాతోనే పోనీ లా. నువ్వు ముట్టుకోవద్దు."

ఆ తర్వాత పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఆరు నెలలు మంచం. ఒక్క మాట లేదు. పోయాడు.

నాకు ఒళ్లు మండింది. ఆట ఉన్న ఆ ఒక్క పాత డిస్కూ పాడైతే మామ చేసిన పని లోకంలో మిగలదు. అత్తను బతిమాలి డిస్కూ, పాత కంప్యూటరూ తెచ్చుకున్నాను. రెండేళ్లు రాశాను.

ఆ రాత్రి విడుదల చేయాలి. ఎనిమిదిన్నర. బయట వాన. చివరి పరీక్ష... పాత కంప్యూటర్లో మామ ఆట, పక్కనే ల్యాప్‌టాప్‌లో నేను రాసింది. రెండింటిలోనూ అవే మీటలు, అదే వరుసలో నొక్కుతున్నాను. రెండు తెరల మీదా దొంగ ఒకే అడుగు వేయాలి. వేస్తున్నాడు. చప్పుడు లేదు. పాత స్పీకర్ ఏనాడో చచ్చింది. ల్యాప్‌టాప్‌లో శబ్దాలు నేను ఇంకా చేర్చలేదు, ఈ పరీక్ష అయ్యాక ఆఖర్న చేరుద్దామని ఆపాను. మామ గొంతు వినే ధైర్యం లేక...

దొంగ గేటు దగ్గరికి వచ్చాడు.

పాత తెర మీద కాపలావాడు కుడివైపు నడిచి వెళ్లిపోయాడు. నా తెర మీద... ఆగిపోయాడు.

ఎక్కడో తప్పు రాశాననుకున్నాను. మీట నొక్కాను. కదల్లేదు. మళ్లీ నొక్కాను. అప్పుడు... నెమ్మదిగా... తిరిగాడు. కుడికి కాదు. ఎడమకి కాదు. నా వైపు.

మామ గీసిన బొమ్మల్లో ఎదురుగా చూసే కాపలావాడు లేడు. నేనూ గీయలేదు. టార్చి వెలుగు తెరంతా తెల్లగా పరుచుకుంది. ల్యాప్‌టాప్ స్పీకర్లో గరగర... ఎవరో ఊపిరి కూడదీసుకుంటున్నట్టు...

"సెప్పినాను కదే... ముట్టుకోవద్దని."

మామ గొంతే. పళ్లు కొరుకుతూ అన్న మాట.

నాకూ పౌరుషం ఉంది. "నీ పేరు బతకాలనే కదా సేస్తన్నాను!" అని అరిచాను. గరగర పెరిగింది. ల్యాప్‌టాప్ ధడాలున మూసేశాను. మూసినా... ఆ ఊపిరి ఇంకాసేపు వినబడుతూనే ఉంది. తర్వాత వాన చప్పుడు ఒక్కటే.

డిస్కంతా గాలించాను. నాలుగు శబ్దాలే. చివర్లో కొంత భాగం పాడైంది, చదవడం కుదరదు. అక్కడేమైనా దాచాడా? దాచినా, నా ల్యాప్‌టాప్‌లోకి ఎలా వస్తుంది? ఆటను విడుదల చేయలేదు. చెరపనూ లేదు.

మర్నాడు అత్తకు చెప్పాను. భయపడుతుందనుకున్నాను. ఆమె ముఖం ఎర్రబడింది.

"ఏటే? మాటాడినాడా? ఆరు నెలలు నోట్లో ముద్ద పెట్టినాను. ఒక్కసారి పేరెట్టి పిలవమని ఏడిసినాను. నాతో ఆడని మాట... నీకాడికొచ్చి ఆడినాడా?"

తలుపు నా ముఖం మీదే వేసేసింది. ఇప్పటిదాకా తెరవలేదు.

అది మామ కాదు, నా కోడ్‌లో తప్పే అత్తా అని చెప్పి రావాలని రోజూ అనుకుంటాను. కానీ అది నిజమో అబద్ధమో నాకే తెలియదు... ఎలా చెప్పను?